హోమ్‌లో అత్తయ్య మళ్లీ పడ్డారు, బెల్టు కట్టడానికి మా సంతకం అడుగుతున్నారు

స్వాతి_మియాపూర్
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. మా అత్తయ్యకి 81. సిటీ అవతల ఒక అసిస్టెడ్ లివింగ్ హోమ్‌లో ఉంటున్నారు (పేరు చెప్పను, ఆవిడ ఇంకా అక్కడే ఉండాలి కదా). మామయ్య పోయాక ఊళ్లో ఒక్కరే ఉండలేక, ఇక్కడేమో మేమిద్దరం పొద్దున పోతే రాత్రికి వస్తాం, అలా ఆవిడే ఒప్పుకుని వెళ్లారు. షుగర్ ఉంది, బీపీ ఉంది, మోకాళ్లు అరిగాయి, మతిమరుపు ఈ మధ్యే మొదలైంది కానీ మనుషుల్ని బాగానే గుర్తుపడతారు. పోయిన నెల బాత్రూమ్ గడప తగిలి పడ్డారు, మోచేయి గీరుకుంది అంతే. మొన్న తెల్లవారుజామున మళ్లీ పడ్డారు, మంచం పక్కనే, ఈసారి నుదుటి మీద కుట్లు పడ్డాయి. తుంటి ఎక్స్‌రే తీశారు, దేవుడి దయ, ఏం విరగలేదు.

ఇప్పుడు హోమ్ వాళ్లు ఏమంటున్నారంటే రాత్రిళ్లు మంచానికి రెండు వైపులా రెయిలింగ్ పెడతాం, డైపర్ వేస్తాం, పగలు కుర్చీలో నడుముకి మెత్తటి బెల్టు పెడతాం, దీనికి ఫ్యామిలీ సంతకం కావాలి అని ఫారం వాట్సాప్ చేశారు. మా వారు పెట్టేద్దాం అంటున్నారు, ఇంకోసారి పడితే తుంటి విరుగుద్ది అని ఆయన భయం. నాకే మనసొప్పట్లేదు. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

చిన్నారావు
80 దాటాక పడటం మామూలేనండి. మా తాతయ్య కూడా అంతే. సంతకం పెట్టేయండి, ప్రాణం ముఖ్యం.

ఫిజియో_రాజా
స్వాతి గారూ, ఇప్పుడే పెట్టకండి. నేను న్యూజెర్సీలో నర్సింగ్ ఫెసిలిటీలో ఫిజికల్ థెరపిస్ట్‌ని, మాది గుంటూరు. రోజూ నేను చూసేది ఇదే. ఇలాంటి చోట్ల ఉండే పెద్దవాళ్లలో ఏడాదికి దాదాపు సగం మంది ఒక్కసారైనా పడతారు, సొంతిళ్లల్లో ఉండేవాళ్లకన్నా చాలా ఎక్కువ, ఎందుకంటే ఇక్కడికి వచ్చేదే బలం తగ్గినవాళ్లు. కాబట్టి పడ్డారు అనగానే హోమ్ చెడ్డది అనేయలేం. పడ్డాక వాళ్లు ఏం చేశారు అన్నదాంట్లోనే హోమ్ ఎలాంటిదో బయటపడుద్ది.

కట్టేయడం ఇక్కడా ఒకప్పుడు మామూలే. 1987లో నర్సింగ్ హోమ్ రిఫార్మ్ యాక్ట్ వచ్చింది, స్టాఫ్‌కి సులువుగా ఉంటుందనో, చెప్పిన మాట వినట్లేదనో మనిషిని కట్టకూడదు అని అందులో ఉంది. బెల్టులు తీసేస్తే అందరూ పడి తుంట్లు విరగ్గొట్టుకుంటారు అని అప్పట్లో చాలామంది భయపెట్టారు, అలా ఏం జరగలేదు. కట్టి కూర్చోబెడితే తొడల్లో కండ వారాల్లోనే కరిగిపోద్ది, ఆ తర్వాత ఎప్పుడు లేచినా కాళ్లు ఆగవు. రెయిలింగ్ సంగతి ఇంకా ఘోరం. మతిమరుపు ఉన్నవాళ్లు దాన్ని అడ్డం అనుకోరు, ఎక్కి దాటబోతారు, అప్పుడు పడేది మంచం ఎత్తు నుంచి కాదు రెయిలింగ్ ఎత్తు నుంచి. రెయిలింగ్‌కీ పరుపుకీ మధ్య మెడ ఇరుక్కుని ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు, ఎఫ్‌డీఏ (ఇక్కడ మందులు, వైద్య పరికరాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది.

మీరు నాకు ఇవి చెప్పండి. రెండుసార్లూ ఎన్నింటికి పడ్డారు? ఎటు వెళ్తూ? కాళ్లకి ఏం వేసుకున్నారు? లైటు ఉందా? రాత్రి చివరిసారి బాత్రూమ్‌కి ఎన్నింటికి వెళ్లారు? మాత్రల లిస్టు కూడా ఉంటే పెట్టండి.

స్వాతి_మియాపూర్
థాంక్యూ అండి. రెండుసార్లూ తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నర మధ్య. రెండుసార్లూ బాత్రూమ్‌కే. నైటీ, హవాయి చెప్పులు. రూంలో బెడ్‌లైట్ ఉంది కానీ పక్క మంచం ఆవిడ ఆపేయమంటారట. చివరిసారి ఎప్పుడు వెళ్లారు అంటే హోమ్‌లో ఎవరికీ తెలీదు.

మాత్రలు: పొద్దున టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్, ఎకోస్ప్రిన్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. సాయంత్రం మళ్లీ మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, కాళ్ల వాపుకి ల్యాసిక్స్. రాత్రి ఆల్ప్రజోలం 0.5, కొత్త చోట నిద్ర పట్టట్లేదంటే హోమ్‌కి వచ్చే డాక్టర్ రాశారు, అది అలా కంటిన్యూ అవుతోంది.

కరీంనగర్_పిలగాడు
అక్కా మా అమ్మమ్మకు గిట్లనే అయింది. హోమోళ్లు పడ్డప్పుడల్లా గదే మాట, "ఆమెనే లేస్తది, చెప్తే ఇనది". బాత్రూమ్‌కు పోవాలంటే లేవకుంట ఏం చేస్తది మరి. నేను పోయి బాత్రూమ్ చూసిన. పట్టుకునేతందుకు ఏం లేదు, టవల్ రాడ్ ఒక్కటి ఉన్నది, అది రెండు చిన్న స్క్రూల మీద ఊగుతాంది, అందరు దాన్నే పట్టుకుంటుండ్రు. గడప రెండించులు. తలుపేమో లోపలికి తెరుస్తరు, లోపట మనిషి తలుపుకడ్డం పడితే తీసుడు ఎట్ల? జెర మీరు కూడ పోయి చూడుండ్రి, ఫోన్ల కాదు.

డా_పద్మజ
స్వాతి గారూ, నేను ఫిజీషియన్‌ని. ఆన్‌లైన్‌లో ట్రీట్‌మెంట్ చెప్పకూడదు, మీ డాక్టర్‌ని అడగాల్సినవి మాత్రం చెప్తాను. ముందు అర్జెంట్‌ది: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎకోస్ప్రిన్ వేసుకునే మనిషికి తలకి దెబ్బ తగిలింది, సీటీ తీశారా? తీసినా తీయకపోయినా రాబోయే కొన్ని వారాలు మత్తుగా ఉండటం, వాంతులు, తగ్గని తలనొప్పి, కొత్తగా తికమక, ఒక పక్క బలం తగ్గడం, వీటిల్లో ఏది కనిపించినా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. పెద్ద వయసులో మెదడు పైపొర కింద రక్తం మెల్లగా చేరుతుంది, పడిన రోజు కాదు, రెండు మూడు వారాల తర్వాత బయటపడొచ్చు.

ఇక మీ లిస్టు. ఇందులో ఒక గొలుసు ఉంది, చూడండి. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ వేసుకునే చాలామందికి పాదాలు వాస్తాయి, అది ఆ మందు గుణం. ఆ వాపు చూసి ఎవరో ల్యాసిక్స్ రాశారు, అది మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర. అది సాయంత్రం ఇస్తున్నారు కాబట్టి రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవాలి. నిద్ర చెడుతుంది. నిద్ర లేదని ఆల్ప్రజోలం. ఇప్పుడు ఆవిడ నిద్రమత్తులో, వాడిపోయిన ఒంటితో, బీపీ తగ్గి ఉన్నప్పుడు చీకట్లో లేస్తున్నారు. వాపు నిజంగా గుండె వల్లో కిడ్నీ వల్లో వచ్చిందా అన్నది డాక్టర్ చూడాలి, అలా కాకపోతే ఈ గొలుసు మొదట్లోనే తెంచొచ్చు. ల్యాసిక్స్ అవసరమే అయినా టైము పొద్దుటికి మార్చడం చాలాసార్లు కుదురుతుంది.

ఆల్ప్రజోలం లాంటి నిద్రమందులు పెద్దవాళ్లకి వీలైనంత వరకు ఇవ్వొద్దు అని అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ వాళ్ల బీర్స్ లిస్టులో (పెద్దవాళ్లకి జాగ్రత్త పడాల్సిన మందుల జాబితా) ఎప్పటినుంచో ఉంది, 2023 అప్‌డేట్‌లోనూ ఉంది. అలాగని రేపే మీరే ఆపేయకండి, సడన్‌గా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టర్ చూస్తూ వారాల తరబడి తగ్గిస్తూ రావాలి. షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ కూడా అదే లిస్టులో ఉంది, రాత్రి సరిగ్గా తినకపోతే తెల్లవారుజామున షుగర్ పడిపోతుంది. నాలుగింటికి ఒకసారి షుగర్ చెక్ చేయమనండి. బీపీ కూడా పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడాలి. పై అంకె 20 గానీ కింద అంకె 10 గానీ తగ్గితే లేవగానే తూలే మనిషి అని అర్థం. హోమ్‌లలో కూర్చోబెట్టి చూసి "130/80, నార్మల్" అని రాసేస్తారు, అది ఇక్కడ దేనికీ పనికిరాదు.

స్వాతి_మియాపూర్
సీటీ తీశారండి, నార్మల్. మిగతావి ఏవీ ఎవరూ ఇంతవరకు చెప్పలేదు. కాళ్ల వాపు బీపీ మాత్ర వల్ల కూడా వస్తుందని ఇప్పుడే వింటున్నా.

ఆశ్రమం_నడుపుతున్నా
అందరూ హోమ్ వాళ్లనే అంటున్నారు కాబట్టి మా వైపు నుంచి కూడా వినండి. విజయవాడ దగ్గర మాది చిన్న హోమ్, ముప్పై మంది పెద్దవాళ్లు, రాత్రి ఇద్దరు ఆయాలు. బెల్టు సరదాకి పెడతామా? పెద్దాయన పడ్డాడు అంటే ఫారిన్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి కేసు వేస్తానంటాడు, అదే కొడుకు ఫీజు రెండు వేలు పెంచుతాం ఇంకో ఆయాని పెడతాం అంటే మూడు నెలలు ఫోన్ ఎత్తడు. మనిషి దొరకాలి కదా, నేర్పించిన పిల్ల ఆరు నెలల్లో హాస్పిటల్‌కి పోతుంది జీతం ఎక్కువని. వన్ టు వన్ చూడమంటే ఎక్కడ కుదురుద్ది చెప్పండి.

చిన్నారావు
అదీ పాయింటే.

ఫిజియో_రాజా
ఆశ్రమం గారూ, మీ కష్టం నిజమే, ఇక్కడ కూడా స్టాఫ్ దొరక్క చస్తున్నాం. కానీ వన్ టు వన్ ఎవరూ అడగట్లేదు. ఇంగ్లండ్‌లో 84 కేర్ హోమ్స్‌లో ఒక ట్రయల్ చేశారు, 2021లో బీఎంజే అనే బ్రిటన్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. వాళ్లు చేసింది ఏంటంటే స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చి ఒక చెక్‌లిస్టు చేతిలో పెట్టారు, ప్రతి మనిషికీ పడే కారణాలు ఏంటో చూసి ఒక్కోదానికి ఏం చేయాలో రాసుకోవడం, అంతే. అలా చేసిన హోమ్స్‌లో పడిపోవడాలు మిగతా వాటికంటే 43 శాతం తక్కువ, నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య లెక్క అది. నడవడం ఎవరికీ ఆపలేదు, మనుషుల చురుకుదనం కూడా తగ్గలేదు. ట్రైనింగ్ మర్చిపోయేకొద్దీ ఫలితం తగ్గుతుంది, అది కూడా చెప్పాలి. ఒకసారి నేర్పి వదిలేసే పని కాదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
నేను స్టాఫ్ నర్సుని, ఇంతకుముందు హైదరాబాద్‌లో పెద్ద హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేశాను. రాజా గారు చెప్పింది కరెక్టే కానీ మా భాషలో చెప్తాను. రాత్రి పడేవాళ్లు ఎప్పుడు పడతారో మాకు తెలుసు. పదకొండు దాటాక ఒకసారి, మళ్లీ మూడున్నర నుంచి అయిదున్నర దాకా. పెద్దవాళ్లు పొద్దున్నే లేచే అలవాటు ఉన్నవాళ్లు, నాలుగింటికే మెలకువ వస్తుంది, స్నానం చేయాలి దీపం పెట్టాలి అని లేస్తారు, కార్తీకమాసంలో అయితే ఇంకా ముందే. ఆ టైముకే ఆయాలకి కునుకు పడుతుంది, ఆరింటికి డ్యూటీ మారుతుంది. అందుకే మేం ఏం చేశామంటే మూడున్నరకి ఒక రౌండ్ పెట్టాం, లేచే అలవాటు ఉన్న ఎనిమిది తొమ్మిది మందిని వాళ్లు లేవకముందే మనమే లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్లడం. అందర్నీ కాదు. ఎవరు ఎన్నింటికి లేస్తారో మూడు రాత్రులు రాసుకుంటే పట్టేయొచ్చు. మొదట్లో ఆయాలు విసుక్కున్నారు, పడ్డాక ఎత్తడం, తుడవడం, ఫ్యామిలీకి ఫోన్లు, హాస్పిటల్ తిప్పడం కన్నా ఇదే తేలిక అని వాళ్లకే అర్థమైంది.

రౌండ్‌లో నాలుగు చూడాలి: బాత్రూమ్ వస్తోందా, నొప్పి ఉందా, సరిగ్గా పడుకున్నారా, నీళ్లు కళ్లద్దాలు చేతికర్ర బెల్లు అందే దూరంలో ఉన్నాయా. బెల్లు గోడకి ఉంటుంది, మనిషి మంచం మీద ఉంటుంది, మధ్యలో టేబుల్. ఇక ఎవరు నొక్కుతారు.

డైపర్ గురించి ఒక్క మాట. డైపర్ వేసినా బాత్రూమ్‌కి వెళ్లగలిగే మనిషి లేవడం మానరు. తడిసిపోయాక చిరాకేసి లేస్తారు, కిందికి జారిన డైపర్‌తో నడిచి పడతారు. ఎన్నిసార్లు చూశానో.

హెడ్మాస్టర్_తెనాలి
నేను ఇలాంటి ఒక వృద్ధాశ్రమంలోనే ఉంటున్నాను, నా వయసు 79. మా మనవడు ఈ చర్చ చూపించాడు, టైపింగ్ నాదే, తప్పులుంటే క్షమించండి. మీరందరూ మా గురించి మాట్లాడుతున్నారు, మమ్మల్ని ఎవరూ అడగలేదు. మేం చెప్పకుండా ఎందుకు లేస్తామో చెప్తాను. బెల్లు నొక్కితే పది నిమిషాలకి వస్తారు, వచ్చాక "మళ్లీనా తాతా" అంటారు. రెండుసార్లు ఆ మాట పడ్డాక మూడోసారి ఎవడు నొక్కుతాడు? ముప్పై ఏళ్లు బడిలో బెత్తం పట్టుకుని నిలబడ్డవాడిని, మనవరాలి వయసు పిల్ల వచ్చి పంచె సర్దితే నాకు ఎలా ఉంటుంది? అందుకని సాయంత్రం ఆరు తర్వాత నీళ్లు తాగడం మానేశాను. నేనే కాదు, మా వరండాలో సగం మంది అంతే. డాక్టరమ్మ గారూ, ఇది మంచిదా చెడ్డదా మీరే చెప్పాలి.

ఇంకొక విషయం. వారానికోసారి తలంటు పోస్తారు, నూనె రాసి. ఆ నూనె చేతులతోనే గోడ పట్టుకుంటాం, నూనె పాదాలతోనే టైల్స్ మీద అడుగు వేస్తాం. ఆ రోజే ఫినాయిల్ వేసి వరండా అంతా తుడుస్తారు. మా హోమ్‌లో పడ్డవాళ్ల లెక్క ఎవరైనా తీస్తే ఆ రోజే ఎక్కువ ఉంటుందని నా అనుమానం. లెక్క ఎవరూ తీయరు అనుకోండి.

డా_పద్మజ
మాస్టారూ, నమస్కారం. చెడ్డదేనండి. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మంట, ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పైగా లేవగానే బీపీ ఇంకా పడిపోతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బాగా తాగి, పడుకునే ముందు ఒక రెండు గంటలు తగ్గించుకోవడం వరకు సరే. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ లాంటి మాత్ర ఏదైనా వేసుకుంటుంటే దానివల్ల కూడా నిలబడ్డప్పుడు తూలుతుంది, లేచేముందు మంచం అంచు మీద రెండు నిమిషాలు కూర్చుని పాదాలు పైకీ కిందకీ ఆడించి అప్పుడు లేవండి. రాత్రికి మంచం పక్కన యూరిన్ పాట్ పెట్టుకుంటే ఎవర్నీ పిలవక్కర్లేదు, నడవక్కర్లేదు. మీరు చెప్పిన "మళ్లీనా తాతా" మాట మాత్రం ప్రతి హోమ్‌లో ట్రైనింగ్ మొదటిరోజే చెప్పాలి.

ఆశ్రమం_నడుపుతున్నా
మాస్టారు చెప్పిన తలంటు సంగతి నాకు తట్టలేదండి. మా దగ్గర ఆదివారం. రిజిస్టర్ తీసి చూస్తా. సిస్టర్ గారూ, పడ్డప్పుడు మీరు ఏమేం రాసేవాళ్లు? మా దగ్గర "జారిపడ్డారు, ఫస్ట్ ఎయిడ్ చేశాం" అని మాత్రమే ఉంటుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
టైము, ఎక్కడ, ఏం చేయబోతూ, చెప్పులు ఏంటి, లైటు, నేల తడిగా ఉందా, చివరిగా బాత్రూమ్ ఎప్పుడు, చివరిగా ఏం తిన్నారు, ఏ మాత్ర వేసి ఎంతసేపైంది, పడుకుని నిలబడి బీపీ, షుగర్. ముఖ్యంగా "మీరు ఏం చేద్దామని లేచారు" అని ఆ మనిషినే అడిగి వాళ్ల మాటల్లోనే రాయాలి, మతిమరుపు ఉన్నా సరే అడగాలి. పడకుండా ఆయా పట్టుకున్నది కూడా రాయాలి.

ఇంకోటి, పడగానే నలుగురు కలిసి చంకల్లో చేతులు పెట్టి లేపేస్తారు మన దగ్గర. అది వద్దు. కిందే ఉంచి తల కింద ఏదైనా పెట్టి, ఎక్కడ నొప్పి అడిగి, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే అనుకుని కదపకుండా అంబులెన్స్ పిలవండి. తుంటి విరిగితే ఎంత తొందరగా ఆపరేషన్ అయితే అంత మంచిది, రెండు రోజులు దాటనివ్వకూడదు. పెద్ద వయసు, పుత్తూరు కట్టు కట్టిద్దాం అని చూస్తూ కూర్చుంటే మంచాన పడి పుండ్లు, న్యుమోనియా.

గ్యాడ్జెట్_గణేష్
ఇవన్నీ ఎందుకండి, ఇప్పుడు పరుపు కింద సెన్సార్ మ్యాట్లు వచ్చాయి, లేవగానే అలారం మోగుద్ది. పడితే ఫోన్ చేసే వాచీలు ఉన్నాయి. ఏఐ కెమెరాలు కూడా వస్తున్నాయి. ఒక్కసారి పెట్టుబడి.

ఫిజియో_రాజా
గణేష్ బ్రదర్, వాచీ పడ్డాక చెప్తుంది, అది కూడా మంచిదే, గంటల తరబడి కింద పడి ఉండకుండా. కానీ అది ఆపేది కాదు. మ్యాట్ అలారం మోగి, దూరంగా ఉన్న ఆయా పరిగెత్తుకొచ్చేసరికి మనిషి కిందే ఉంటుంది. అమెరికాలో ఒక పెద్ద హాస్పిటల్‌లో బెడ్ అలారంల మీద ట్రయల్ చేశారు, 2012లో వచ్చింది, అలారంలు వాడకం బాగా పెరిగింది, పడటం మాత్రం తగ్గలేదు. పక్క మంచాలవాళ్ల నిద్ర కూడా పోద్ది. డబ్బు ఉంటే ముందు మంచం ఎత్తు తగ్గించండి, పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. ఆ తర్వాత మోషన్ సెన్సార్ లైటు, మంచం కింద పెడితే పాదాల దగ్గర మాత్రమే వెలుగు పడుద్ది, పక్కావిడ కంట్లో పడదు, మూడు నాలుగు వందలే.

స్వాతి గారూ, అత్తయ్య గారిని కలిసినప్పుడు ఒక పని చేయండి. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, మూడు మీటర్ల దూరంలో నేల మీద టేపు అంటించండి. లేచి మామూలుగా నడిచి టేపు దాకా వెళ్లి తిరిగొచ్చి కూర్చోమనండి, కర్ర వాడితే కర్రతోనే. పక్కనే ఒకరు ఉండాలి. 12 సెకన్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పడే రిస్క్ ఉన్నట్టు. ఆవిడకి ఎక్కువే వస్తుంది, అది ముఖ్యం కాదు. ఎక్కడ తడబడుతున్నారో చూడండి: లేవడంలోనా, తిరగడంలోనా, కూర్చోవడంలోనా. లేవడం కష్టమైతే తొడల్లో బలం లేదు, రోజూ భోజనానికి ముందు కుర్చీలోంచి అయిదారు సార్లు లేచి కూర్చోవడమే ఎక్సర్‌సైజ్, దానికి ఫిజియో రోజూ రానక్కర్లేదు.

కరీంనగర్_పిలగాడు
చెప్పుల ముచ్చట కూడ చెప్పుండ్రి సార్. హవాయి చెప్పులు మస్తు డేంజర్. మా అమ్మమ్మకు మడమ వెనక పట్టీ ఉన్నయి, పల్చటి రబ్బరు అడుగువి కొనిచ్చిన. రెండొద్దులు తిట్టింది, ఇప్పుడవే ఏసుకుంటాంది. నైటీ కూడ చీలమండ పైదాక కుట్టిచ్చినం. బాత్రూమ్‌ల గ్రాబ్ బార్లు పెట్టిచ్చినం, స్టీలువి, గోడకు డ్రిల్ కొట్టి బోల్టులు ఏసి. గా సక్షన్ కప్పులోల్లయి కొనకుండ్రి, తడి టైల్స్ మీద ఊడి చేతికే వస్తయి. కమోడ్ సీటుకు ముదురు రంగు మూత ఏసినం, తెల్ల టైల్స్‌ల తెల్ల కమోడ్ ఆమెకు కనిపిస్తలేకుండె. పైసలు మేమే పెట్టుకున్నం, హోమోళ్లు వద్దనలే.

ఫిజియో_రాజా
సూపర్. బార్ ఎత్తు నేల నుంచి 33 నుంచి 36 అంగుళాలు ఇక్కడి స్టాండర్డ్, మన పెద్దవాళ్లు పొట్టిగా ఉంటారు కాబట్టి ఆవిణ్ణి కమోడ్ మీద కూర్చోబెట్టి చెయ్యి ఎక్కడికి సహజంగా వెళ్తుందో చూసి అక్కడ మార్క్ చేయించండి.

లావణ్య_మెల్‌బోర్న్
నేను ఇక్కడ ఏజ్డ్ కేర్‌లో డైటీషియన్‌ని. తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. మా విక్టోరియాలోనే 60 హోమ్స్‌లో ఏడు వేలకు పైగా మంది మీద ట్రయల్ చేశారు, ఇదీ 2021 బీఎంజేలోనే. సగం హోమ్స్‌లో మామూలు తిండి, మిగతా సగంలో పాలు, పెరుగు, చీజ్ పెంచారు, అంతే, మందులు కాదు. ఎముకలు విరగడం 33 శాతం తగ్గింది, తుంటి విరగడం 46 శాతం, పడిపోవడం కూడా 11 శాతం తగ్గింది. మన పెద్దవాళ్లకి పెరుగు కొత్తగా అలవాటు చేయక్కర్లేదు కదా. రోజుకి రెండు పూటలా గట్టి పెరుగు, పడుకునేముందు కాకుండా సాయంత్రం ఒక గ్లాసు పాలు, పప్పు, గుడ్డు తినేవాళ్లయితే గుడ్డు. అత్తయ్య గారికి షుగర్ ఉంది కాబట్టి పాలల్లో పంచదార వద్దు, కిడ్నీ రిపోర్టు ఒకసారి చూపించి మొదలుపెట్టండి.

విటమిన్ డి అందరూ 60 వేల యూనిట్ల సాచెట్లు సొంతంగా వాడేస్తారు, ఆ పని చేయకండి. తక్కువగా ఉన్నవాళ్లకి రోజువారీ డోసు మంచిదే, కేర్ హోమ్స్‌లో దానితో పడటం తగ్గుతుంది కూడా. కానీ ఆస్ట్రేలియాలోనే ఏడాదికొకసారి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే పడటం, విరగడం రెండూ పెరిగాయి, 2010 నాటి మాట.

హెడ్మాస్టర్_తెనాలి
గట్టి పెరుగు అంటున్నారు, మా దగ్గర మజ్జిగలో ఆవకాయ డబ్బా అడుగు కనిపిస్తుందమ్మా.

చిన్నారావు
😂😂 మాస్టారూ

స్వాతి_మియాపూర్
మాస్టారు గారూ మీ పోస్ట్ మా వారికి చదివి వినిపించా. ఏం మాట్లాడలేదు, ఫారం మాత్రం పక్కన పెట్టారు. శనివారం ఇద్దరం వెళ్తున్నాం. హోమ్ వాళ్లు ఒప్పుకోకపోతే ఏం చేయాలి? గట్టిగా అడిగితే ఆవిణ్ణి సరిగ్గా చూడరేమో అని అదో భయం.

డా_పద్మజ
ముందు సామరస్యంగానే మాట్లాడండి, ఎక్కువ చోట్ల వాళ్లకి తెలియకే ఇలా చేస్తారు. మరీ కట్టేస్తున్నారు, చూడనివ్వట్లేదు అనిపిస్తే 14567, ఎల్డర్ లైన్, పెద్దవాళ్ల కోసం ఉన్న టోల్ ఫ్రీ నంబరు. మీకు దగ్గర్లో వృద్ధుల డాక్టర్ లేకపోతే జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల ఓపీ ఉందేమో కనుక్కోండి, కేంద్రం వృద్ధుల ఆరోగ్య పథకం కింద 2010 తర్వాత పెడుతూ వచ్చారు. మాత్రలన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి, చీటీలు కాదు, మాత్రలే.

మోడరేటర్
మంచి చర్చ. ఒక్క మనవి, హోమ్‌ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, పర్సనల్ మెసేజ్‌లో అడగండి. వాచీ అమ్మకాల లింకు ఒకటి తీసేశాను.

స్వాతి_మియాపూర్
అప్‌డేట్ పెట్టడం ఆలస్యమైంది, సారీ. ముందు వేరే ఫిజీషియన్‌కి చూపించాం. నిలబెట్టి చూస్తే పై బీపీ 26 తగ్గింది. ఆమ్లోడిపిన్ ఆపి వేరేది ఇచ్చారు, ల్యాసిక్స్ కొన్నాళ్లు పొద్దున ఇచ్చి వాపు తగ్గాక ఆపేశారు, సాయంత్రం గ్లిమెపిరైడ్ తీసేశారు, ఆల్ప్రజోలం సగం చేశారు, ఇంకా తగ్గిస్తారట. నిద్ర మాత్రం మొదటి రెండు వారాలు అస్సలు లేదు, ఆవిడ మా అందర్నీ తిట్టారు.

హోమ్‌లో బెల్టు, డైపర్ వద్దని రాసిచ్చాం. రెయిలింగ్ మీద వాదన అయింది, చివరికి తల వైపు సగం రెయిలింగ్ ఒక పక్కే పెట్టారు, లేచేటప్పుడు పట్టుకోడానికి. మంచాన్ని బాత్రూమ్ తలుపు వైపుకి జరిపించాం, మంచం కింద లైటు పెట్టాం. బార్లు మేమే పెట్టించాం. గడప తీయం, నీళ్లు బయటికొస్తాయి అన్నారు, దాని మీద పసుపు రంగు టేపు వేశాం, అది నాకు నచ్చలేదు కానీ ప్రస్తుతానికి అంతే. నాలుగింటి రౌండ్ అడిగితే మేనేజర్ ముందు కుదరదు అన్నారు, తర్వాత అత్తయ్యకి, ఇంకో నలుగురికి మాత్రం మొదలుపెట్టారు. పోయిన వారం టేబుల్ దగ్గర తూలి కూర్చుండిపోయారు, ఆయమ్మ పట్టుకుంది, దెబ్బ లేదు. ఆ సంగతి హోమ్ వాళ్లే ఫోన్ చేసి చెప్పారు, ఇంతకుముందు ఇలాంటివి చెప్పేవాళ్లు కాదు.

మా వారు ఇంకా రోజూ "మళ్లీ పడితే" అనే అంటున్నారు. నా దగ్గరా దానికి జవాబు లేదు.

ఫిజియో_రాజా
జవాబు ఉండదండి, మళ్లీ పడొచ్చు కూడా. తుంటికి ప్యాడ్లు ఉన్న లోపలి నిక్కర్లు దొరుకుతాయి, హిప్ ప్రొటెక్టర్స్ అంటారు, వేసుకుంటే హోమ్స్‌లో ఉండేవాళ్లకి తుంటి విరగడం కొంత తగ్గుతుంది. వేడికి, బిగుతుకి వేసుకోరు, అదే సమస్య. చలికాలంలో ట్రై చేయండి.

ఆశ్రమం_నడుపుతున్నా
రిజిస్టర్ చూశాను. టైము రాసినవి తక్కువ, రాసినవాటిల్లో మాస్టారు అన్నట్టు ఆదివారాలే ఎక్కువ ఉన్నాయి. తలంటు రెండు రోజులకి విడగొట్టాం, ఆ పూట తడిబట్ట పెట్టడం ఆపాం. మూడున్నర రౌండ్ ఇంకా పెట్టలేదు, మనిషి లేదు. సిస్టర్ గారూ, మీరు రాసే ఫార్మాట్ కాగితం ఏదైనా ఉంటే పంపండి, తెలుగులో ఉంటే మా ఆయాలు వాళ్లే నింపుతారు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
తెలుగులో లేదండి, రాసి పెడతాను. బొమ్మలతో కూడా చేద్దాం, చదువు రానివాళ్లు టిక్కు పెడితే చాలు. ఆదివారం పంపిస్తా.

హెడ్మాస్టర్_తెనాలి
నాకూ ఒకటి పంపమ్మా. మా వరండా వాళ్లది నేనే నింపుతాను.